వారం వారం కిస్తీ, ఏడాదికొక పంట: చిన్న అప్పులు పేదరికాన్ని ఎంతవరకు తగ్గించాయి?

పెన్నా తీరం:

సభ్యులందరికీ నమస్కారం. ఇరవై ఏళ్ల కిందట నెల్లూరు జిల్లాలో ఒక గ్రామ సమాఖ్యకు ఆరేళ్లపాటు పద్దులు రాశాను. రోజుకు తలా ఒక రూపాయి పొదుపుతో మొదలై బ్యాంకు లింకేజీ దాకా ఎదిగిన డ్వాక్రా సంఘాలను దగ్గరగా చూశాను. అదే ఊళ్లో అదే ఆడవాళ్లు సంఘం వాయిదా కట్టడానికి ప్రైవేటు ఫైనాన్సు సంస్థ దగ్గర అప్పు తీసుకోవడం, ఆ సంస్థ కిస్తీ కోసం నూటికి ఐదు రూపాయల వడ్డీకి మరొకరి గుమ్మం ఎక్కడం కూడా చూశాను.

2006లో బంగ్లాదేశ్‌లోని గ్రామీణ్ బ్యాంకుకు, దాన్ని నెలకొల్పిన మహమ్మద్ యూనస్‌కు కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ఆయన బొమ్మను పత్రికలోంచి కత్తిరించి మా సమాఖ్య గదిలో గోడకు అతికించాం. (మన గ్రామీణ బ్యాంకులకూ దానికీ సంబంధం లేదని సభ్యులకు చెప్పలేక అప్పట్లో నానా తంటాలు పడ్డాను.) నాలుగేళ్లు గడిచేసరికి, 2010 అక్టోబరులో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను, అంటే పేదలకు చిన్న అప్పులిచ్చే ఇటువంటి ఫైనాన్సు సంస్థలను, అదుపు చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. ఆ బొమ్మ మాత్రం గోడ మీదే ఉండిపోయింది.

ప్రపంచంలో పేదరికం బాగా తగ్గిందంటున్న ఈ ముప్పై నలభై ఏళ్లలో చిన్న అప్పుల వాటా ఎంత? అప్పు కాకపోతే మరేది పనిచేసింది? అనుభవం ఉన్నవారు, ఆధారాలు తెలిసినవారు రాయవలసిందిగా కోరుతున్నాను. పార్టీల ప్రస్తావన వద్దు.

లెక్కల పుస్తకం:

ఈ ప్రశ్నకు జవాబు వెతికే ముందు పేదరికాన్ని కొలిచే గీత సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే గీత జరిగితే పేదల సంఖ్య రాత్రికి రాత్రి కోట్లలో మారుతుంది. ‘రోజుకు ఒక డాలరు’ అన్న కొలతను ప్రపంచ బ్యాంకు 1990లో ప్రచారంలోకి తెచ్చింది. వివిధ దేశాల ధరల సర్వేలు కొత్తగా వచ్చినప్పుడల్లా అది మారుతూ 1.25, 1.90, 2.15 డాలర్ల మీదుగా 2025 జూన్‌లో 3 డాలర్లకు చేరింది. ఇది బజారు మారకం రేటు ప్రకారం చూసే డాలరు కాదు. ఒకే రకం సరుకులు ఏ దేశంలో ఎంతకు దొరుకుతాయో పోల్చి కట్టిన కొనుగోలు శక్తి లెక్క. మన దగ్గర 2021 ధరల్లో మనిషికి రోజుకు సుమారు అరవై రూపాయలు. గీత 2.15 నుంచి 3కు జరగగానే 2022 సంవత్సరానికి ప్రపంచంలోని అతిపేదల సంఖ్య 71.3 కోట్ల నుంచి 83.8 కోట్లయింది. ఆ రోజు ఎవరి కంచంలోనూ ఒక్క ముద్ద తగ్గలేదు.

ఇదే గీతతో భారతదేశంలో అతిపేదలు 2011-12లో 27.1 శాతం, 2022-23లో 5.3 శాతం. రెండు సర్వేల మధ్య ప్రశ్నలడిగే పద్ధతి మారింది కనుక ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. తగ్గిందన్న మాటతో నాకు పేచీ లేదు; ఎంత తగ్గిందన్న చోటే పేచీ. 2011లో ప్రణాళికా సంఘం పట్టణంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు గీతగా చూపుతూ సుప్రీంకోర్టుకు అఫిడవిట్ సమర్పించినప్పుడు ఎంత రగడ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. ప్రపంచంలో జరిగిన తగ్గుదలలో పెద్ద వాటా చైనాది. నలభై ఏళ్లలో దాదాపు 80 కోట్ల మంది అక్కడ పాత 1.90 డాలర్ల గీతను దాటారు. 1978 తరువాత కమ్యూన్లు పోయి సాగు కుటుంబాల చేతికి రావడం, పంటకు ప్రభుత్వం ఇచ్చే ధర పెరగడం, తరువాత ఊరి పరిశ్రమల్లోనూ తీర పట్టణాల ఫ్యాక్టరీల్లోనూ పని దొరకడం అందుకు కారణాలు. చిన్న అప్పులకు అందులో చెప్పుకోదగిన పాత్ర లేదు.

మూసీ గట్టు:

నేను పుట్టి పెరిగింది హైదరాబాదు బస్తీలో. చిన్న అప్పుల మీద ప్రపంచంలో ఎక్కువగా చర్చకు వచ్చిన పరిశోధనల్లో ఒకటి మా నగరంలోనే జరిగిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2005 ప్రాంతంలో 104 బస్తీలను ఎంచి, చీటీ వేసినట్లుగా వాటిలో సగానికి మాత్రమే ముందుగా ఒక సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిచింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వారి సహచరులు ఏడాదిన్నర తరువాత ఒకసారి, మరో రెండేళ్లకు మరోసారి ఇల్లిల్లూ తిరిగి లెక్క తీశారు. అప్పు అందుబాటులోకి వచ్చిన బస్తీల్లో ఇంటి మొత్తం ఖర్చు పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో తేడా కనిపించలేదు. కనిపించింది రెండు చోట్ల: మన్నికైన వస్తువుల మీద ఖర్చు పెరిగింది; టీ, పొగాకు వంటి వాటి మీద ఖర్చు తగ్గింది. అప్పటికే బాగా నడుస్తున్న కొద్దిపాటి వ్యాపారాలకు లాభం పెరిగింది.

మా అమ్మ అటువంటి అప్పుతోనే కుట్టు మిషను కొన్నది. అంతకు ముందు ఆమె పక్కింటి మిషను మీద మధ్యాహ్నం పూట, వాళ్లు నిద్రపోయే వేళ, జాకెట్లు కుట్టేది. సొంత మిషను వచ్చాక ఆదాయం పెరిగిందా అంటే పెద్దగా పెరగలేదు, ఎందుకంటే మా గల్లీలో అప్పటికే నలుగురు కుట్టేవాళ్లున్నారు, అందరికీ అవే జాకెట్లు, అదే కూలీ. కానీ ఎవరి నిద్ర వేళ కోసమూ కాచుకోనక్కర లేకపోయింది. పరిశోధకుల పట్టికలో ఇది ‘మన్నికైన వస్తువు’ అన్న గడిలో పడుతుంది. ఆ అప్పు వల్ల మేము పేదరికం దాటలేదు. అలాగని అది వృథా అంటే కూడా నేను ఒప్పుకోను.

కొబ్బరితోట:

దోషం అప్పుది కాదు, వడ్డీది. పావలా వడ్డీకి, అంటే ఏడాదికి మూడు శాతానికి, అందరికీ ఇచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

పెన్నా తీరం:

కొబ్బరితోట గారూ, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. వడ్డీ ముఖ్యమే. కానీ నేను చూసిన ఇళ్లలో మెడకు ఉరిగా మారింది వడ్డీ రేటు కంటే వాయిదా తారీఖు.

మా ప్రాంతంలో కూలి ఆడవాళ్లకు చేతినిండా పని ఉండేది రెండే కాలాల్లో: అక్టోబరు, నవంబరులలో నాట్లు, ఫిబ్రవరి, మార్చిలలో కోతలు. మిగిలిన నెలల్లో దొరికినప్పుడు దొరికినట్లు. ఫైనాన్సు సంస్థ కిస్తీ మాత్రం అప్పు తీసుకున్న మరుసటి వారమే మొదలై ఏభై వారాలు సాగేది. మంగళవారం ఉదయం ఏడు గంటలకు కేంద్రం సమావేశం. ఐదుగురేసి వరసగా కూర్చోవాలి; ఒకరు కట్టకపోతే మిగిలిన నలుగురు కట్టాలి; మొత్తం డబ్బు జమ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఆ రోజు నాట్లకు పిలుపు వచ్చినవాళ్లు మేస్త్రీ ఆటో వెళ్లిపోతుంటే అక్కడి నుంచే చూస్తూ కూర్చునేవారు. కిస్తీ కట్టడానికి కావలసిన కూలి ఆ ఆటోలోనే వెళ్లిపోయేది.

ఒకసారి ఒక సభ్యురాలు రాలేదు. కలెక్షన్ కుర్రవాడు ఆమె ఇంటి అరుగు మీద చీకటి పడేదాకా కూర్చున్నాడు. కేకలు వేయలేదు, తిట్టలేదు. మంచినీళ్లు అడిగి తాగాడు కూడా. వీధిలో వచ్చేపోయే ప్రతివాళ్లూ చూస్తుండగా ఒక పరాయి మగవాడు గుమ్మంలో కూర్చోవడమే సరిపోయింది. ఆమె రాత్రికి కాలి పట్టీలు తాకట్టు పెట్టింది. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు, ఆ వారం వసూలు తగ్గితే అతని జీతంలో కోత పడేది.

ఇది 2010లో ఒక్కసారిగా పుట్టిన సమస్య కూడా కాదు. 2006 మార్చిలోనే కృష్ణా జిల్లా యంత్రాంగం సుమారు 50 సూక్ష్మరుణ శాఖలను మూయించింది. అప్పుడే అందరికీ తెలిసి ఉండాల్సింది.

లెక్కల పుస్తకం:

వాయిదా గురించి పెన్నా తీరం గారు చెప్పినదానికి బలమైన ఆధారమే ఉంది. కోల్‌కతాలో జరిగిన ఒక ప్రయోగంలో కొందరికి మామూలుగా రెండు వారాలకే కిస్తీలు మొదలుపెట్టి, మరికొందరికి రెండు నెలల గడువు ఇచ్చారు. గడువు దొరికినవాళ్లు ఎక్కువ మొత్తం వ్యాపారంలో పెట్టారు. మూడేళ్ల తరువాత చూస్తే వాళ్ల లాభాలు స్పష్టంగా ఎక్కువగా ఉన్నాయి. ఎగవేతలు కూడా పెరిగాయి. సంస్థ వారం వారం కిస్తీనే ఎందుకు పట్టుకుని వేలాడుతుందో ఆ చివరి వాక్యం చెబుతుంది. పేదవాడికి లాభించే అప్పు, అప్పు ఇచ్చేవాడికి నిద్రపట్టే అప్పు ఒకటి కావు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2010 ఆర్డినెన్సు తరువాత మన రాష్ట్రంలో వసూళ్లు దాదాపు పూర్తిగా ఆగిపోయాయి. ఇక్కడ డబ్బు ఇరుక్కున్న సంస్థలు దేశంలోని ఇతర రాష్ట్రాల్లో కొత్త అప్పులు ఇవ్వలేకపోయాయి. ఏ తప్పూ లేని ఆ జిల్లాల్లో ఏం జరిగిందో ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీశారు. మన రాష్ట్రంతో ఎక్కువగా ముడిపడిన సంస్థలు పనిచేసే జిల్లాల్లో రోజుకూలీ రేట్లు పడిపోయాయి, ఇళ్ల ఖర్చులు తగ్గాయి. అప్పు తీసుకోని కూలీ కూడా నష్టపోయాడు, ఎందుకంటే అప్పు తీసుకుని ఇద్దరిని పనికి పెట్టుకునే చిన్న వ్యాపారి, ఇల్లు బాగు చేయించుకునే మనిషి ఆగిపోయారు. కాబట్టి ‘అప్పు వల్ల పేదరికం తగ్గలేదు’ అన్న మాట నుంచి ‘అప్పు తీసేస్తే పోయేదేమీ లేదు’ అన్న మాటకు దూకకూడదు.

నైరోబీ తెలుగు:

ఉద్యోగరీత్యా పదేళ్లుగా కెన్యాలో ఉంటున్నాను. అప్పు కాకుండా నేరుగా డబ్బే ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇక్కడి సియాయా కౌంటీలో జరిగినంత పెద్ద పరీక్ష మరెక్కడా నేను వినలేదు. 653 గ్రామాల పరిధిలో పది వేలకు పైగా పేద కుటుంబాలకు ఒక్కొక్కదానికి సుమారు 1,000 డాలర్లు, ఏ షరతూ లేకుండా, తిరిగి కట్టే పని లేకుండా మొబైల్‌లో వేశారు. మన ఊళ్లో ఇలా పంచితే మర్నాటికి బియ్యం ధర పెరిగిపోతుందని ఎవరైనా అంటారు. నేనూ అదే అన్నాను. ధరలు పెరిగింది సగటున 0.1 శాతం. డబ్బు అందని పొరుగు కుటుంబాల ఖర్చు కూడా పెరిగింది. ఇచ్చిన ప్రతి డాలరుకు ఆ ప్రాంతంలో సుమారు రెండున్నర డాలర్ల ఆర్థిక కార్యకలాపం జరిగిందని లెక్క తేలింది.

ధర ఎందుకు పెరగలేదో పల్లె దుకాణం ముందు గంటసేపు నిలబడితే అర్థమవుతుంది. రోజంతా కూర్చున్నా పది పన్నెండు మంది రాని కొట్టు అది. పిండిమరకు మధ్యాహ్నం పని ఉండదు, సైకిలు బాగుచేసేవాడు చెట్టు కింద కునుకు తీస్తుంటాడు. పది మంది బదులు ముప్పై మంది వచ్చినా కొట్టువాడు కొత్త కొట్టు కట్టనక్కర లేదు, కునుకు మానితే చాలు.

2007లో మొదలైన ఎం-పెసా సంగతి కూడా చెప్పాలి. మొబైల్‌లో డబ్బు పంపుకొనే ఆ సదుపాయం వల్ల దాదాపు 1.94 లక్షల కుటుంబాలు, అంటే దేశంలోని ఇళ్లలో 2 శాతం, పేదరికం నుంచి బయటపడ్డాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. అప్పు కాదు, దానం కాదు. కష్టం వచ్చిన రోజున ఊళ్లో అన్నకు పట్నంలో తమ్ముడు పంపే డబ్బు అదే రోజు చేరడం, అంతే.

కొబ్బరితోట:

ఊరికే డబ్బు ఇస్తే పని మానేయరా? ఈ ఒక్క సందేహం తీర్చండి.

నైరోబీ తెలుగు:

సియాయాలో పని మానేసినట్లు కనిపించలేదు. సారా మీద పెట్టినట్లూ కనిపించలేదు. ఎక్కువమంది చేసిన మొదటి పని గడ్డి కప్పు తీసి రేకులు వేయించుకోవడం.

పాలమూరు దుక్కి:

ఇంతసేపూ అప్పు, నగదు అంటున్నారు గానీ కూలీ ఊసు ఎవరూ ఎత్తలేదు. పేదవాడికి ఉన్న ఆస్తి ఒక జత చేతులు. వాటి ధర పెరిగితే పేదరికం తగ్గుతుంది, పెరగకపోతే మిగిలినవన్నీ అతుకులే.

నేను ఉపాధి హామీ పనుల్లో కొంతకాలం మేట్‌గా, అంటే కూలీల హాజరు, పని చూసుకునేవాడిగా, చేశాను. అప్పట్లో చేసిన పనికి డబ్బు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మస్టరు మీద వేలిముద్ర వేసిన నెలన్నరకు పోస్టాఫీసు దగ్గర వరస కట్టాలి. మీ పేరు లేదంటే తిరిగి రావాలి. 2010 నుంచి 2012 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్ర స్మార్ట్‌కార్డులు తెచ్చి ఊళ్లోనే కూలీ చెల్లించే పద్ధతి పెట్టినప్పుడు, ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో ఏది ముందు, ఏది తరువాత అన్నది చీటీ వేసి నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించారు. కొత్త పద్ధతి ముందుగా వచ్చిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది. అసలు విశేషం ఏమిటంటే ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి హామీ డబ్బు కానే కాదు, బయటి పనుల్లో వచ్చిన సంపాదన. సర్కారు పనికి డబ్బు సమయానికి వస్తుందని తెలిశాక, ‘ఈ రేటుకు రాను’ అని రైతుతో అనగలిగే ధైర్యం కూలీకి వచ్చింది.

మా పాలమూరు వాళ్లు తరతరాలుగా అడ్వాన్సు తీసుకుని మేస్త్రీ వెంట దేశమంతా మట్టిపనికి వెళ్లినవాళ్లు. ఆ అడ్వాన్సు కూడా అప్పే. ‘రాను’ అనే హక్కును ముందే అమ్ముకోవడం అది.

రెండెకరాలు:

దుక్కి గారి మాటను గౌరవిస్తూనే ఒక అభ్యంతరం. నాకు రెండెకరాలుంది. కలుపుకు మనుషులు దొరక్క, దొరికినా రేటు భరించలేక పత్తిలో నష్టపోయాను. కూలీ పెరగడం అంటే నా వంటివాడి జేబులోంచి తీసి మరొకరి జేబులో పెట్టడం కాదా? పేదలిద్దరిలో ఒకరిని ముంచి ఇంకొకరిని తేల్చడాన్ని అసమానత తగ్గడం అంటారా?

లెక్కల పుస్తకం:

మీ అభ్యంతరం న్యాయమైనదే, దాన్ని తోసిపుచ్చే ఆధారం నా దగ్గర లేదు. దుక్కి గారు చెప్పిన అధ్యయనంలో కూలీ పెరిగినా బయటి పనిదినాలు తగ్గలేదు, పెరిగాయి. అంటే అంతకు ముందు కూలీ రేటును తొక్కిపట్టగలిగిన పెద్ద కమతాలు అక్కడ ఉండి ఉండవచ్చునని, లేదా కూలీల చేతిలో పడిన డబ్బు అదే ఊళ్లో ఖర్చై కొత్త పని పుట్టి ఉండవచ్చునని పరిశోధకుల వివరణ. కానీ పంట ధర తన చేతిలో లేని రెండెకరాల రైతుకు ఆ వివరణ కూడు పెట్టదు. కూలీ రేటు పెరిగినప్పుడు పంట ధర కూడా కదలాలి. చైనా ఉదాహరణలో మొదట కదిలింది అదేనని గమనించండి.

దీనికి తోడుగా మన దగ్గర అంతగా చర్చకు రాని ఒక సంగతి చెబుతాను. అప్పు కూడా పుట్టనంత పేదలకోసం బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లో ఒక పద్ధతి మొదలుపెట్టింది: మేకలో ఆవో ఉచితంగా ఇవ్వడం, కొన్ని నెలలు తిండి ఖర్చు భరించడం, వారం వారం ఇంటికి వచ్చి పెంపకం నేర్పడం. ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్తాన్, పెరూలలో పరీక్షించినప్పుడు మొత్తంమీద మంచి ఫలితాలే వచ్చాయి. వాటిలో భారత్ అంటే పశ్చిమ బెంగాల్. అదే పద్ధతిని మన మెదక్ జిల్లాలో పరీక్షిస్తే నికరంగా ఏమీ తేలలేదు. గేదెలు తీసుకున్నవాళ్లకు పాడి ఆదాయం వచ్చింది, కానీ పాడి చూసుకోవడానికి కూలికి వెళ్లడం తగ్గించారు. గేదెలు తీసుకోనివాళ్లు ఆ కాలంలో పెరుగుతున్న కూలీతో అంతే బాగుపడ్డారు. కార్యక్రమం విఫలమైందని కొందరు రాశారు. చుట్టూ కూలీ పెరుగుతున్న చోట గేదెకు విలువ తక్కువ, కూలీ దొరకని చోట అదే గేదె ప్రాణం; నాకు అర్థమైనది ఇదీ.

ఎడారి లెటరు:

జగిత్యాల వైపు మాది. పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చాను. దుక్కి గారు చేతుల ధర అన్నారు. ఆ ధర దేన్నిబట్టి ఉంటుందో గల్ఫ్ వెళ్లినవాడికి బాగా తెలుసు. ఊళ్లో నేను కట్టిన గోడకూ అక్కడ కట్టిన గోడకూ ఒక్క ఇటుక తేడా లేదు, కూలీలో మాత్రం ఐదారు రెట్ల తేడా. ప్రపంచంలో మనుషుల ఆదాయాల మధ్య తేడాలో సగానికి పైగా ఏ దేశంలో ఉంటున్నాడన్న ఒక్క విషయంతోనే తేలిపోతుందని బ్రాంకో మిలనోవిచ్ అనే ఆర్థికవేత్త లెక్కలు చెబుతున్నాయి.

అయితే ఆ గోడ దాటడానికీ అప్పే కావాలి. వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బును నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. మొదటి ఇరవై రెండు నెలల జీతం దానికే పోయింది. నా వెంట వచ్చిన ఒకతను కంపెనీ చెప్పిన జీతం ఇవ్వకపోయినా నోరెత్తలేదు, ఎందుకంటే తిరిగివస్తే ఊళ్లో అప్పు ఎదురు చూస్తోంది. పెన్నా తీరం గారు చెప్పిన అరుగు మీది మనిషి గల్ఫ్ దాకా వస్తాడు.

మూసీ గట్టు:

2011లో రిజర్వు బ్యాంకు ఈ సంస్థలకు విడిగా నిబంధనలు పెట్టింది, వడ్డీకి 26 శాతం పరిమితి విధించింది. 2022లో ఆ పరిమితి తీసేసి, దాని బదులు ఇంటి నెల ఆదాయంలో అన్ని వాయిదాలూ కలిపి సగానికి మించకూడదన్నది. ఆదాయం నెలనెలా ఒకేలా ఉండేవాళ్లకు ఇది మంచి నియమమే. నాట్లకూ కోతలకూ మధ్య ఉన్న మనిషికి ‘నెల ఆదాయం’ అని ఏ నెలది రాసుకుంటారో నాకు తెలియడం లేదు. సమాఖ్యలో పద్దులు రాసిన పెన్నా తీరం గారు చెప్పాలి: ఆలస్యాలు ఏ నెలల్లో వచ్చేవో మీ దగ్గర లెక్క ఉందా?

పెన్నా తీరం:

మీరు అడిగాక అటక మీంచి పాత పద్దు పుస్తకం దింపాను. ఒక్కటే మిగిలింది, మిగిలినవాటిని చెదలు తినేశాయి. పదకొండు సంఘాలకు రెండేళ్ల లెక్క అందులో ఉంది. వాయిదా తప్పిన చోట ఎర్ర సిరాతో సున్న చుట్టేవాడిని. పుస్తకం తెరిచి పేజీలు తిప్పితే చాలు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా పేజీలు ఎర్రగా ఉన్నాయి. బడి ఫీజులూ, పని లేకపోవడమూ ఒకేసారి వచ్చే నెలలు. మార్చిలో రెండేళ్లకు కలిపి మూడు సున్నలు మాత్రమే ఉన్నాయి. ఏప్రిల్‌లో కొందరు ముందస్తుగా రెండు వాయిదాలు కట్టినట్లు నా చేతిరాతే ఉంది.

ఈ లెక్క చూసి కూడా, సెప్టెంబరు వాయిదాను మార్చికి జరపమని బ్యాంకును అడగాలన్న ఆలోచన ఆరేళ్లలో ఒక్కసారీ నాకు రాలేదు. సంఘం లీడరుగా చేసిన ఒకామెకు ఇవాళ ఫోను చేసి ఈ మాట చెప్పాను. ‘మేం ఒకసారి అడిగాం, మీరే ఫారంలో అలాంటి గడి లేదన్నారు’ అని ఆమె జవాబిచ్చింది.